సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ రాదేం? సెల్ టవర్ల ఇంటర్‌ఫియరెన్స్, చానెల్ కేటాయింపు మీద చర్చ

హాస్టల్_ఈసీఈ రాశారు:

అందరికీ నమస్కారం. నేను ఈసీఈ ఫైనలియర్. వైర్‌లెస్ సబ్జెక్టులో షడ్భుజాలు గీసి, 7 సెల్స్‌ని (సెల్ అంటే ఒక టవర్ యాంటెన్నా కవర్ చేసే ప్రాంతం) ఒక క్లస్టర్ చేసి, ఒక సెల్‌కి ఇచ్చిన చానెళ్లు పక్క సెల్‌కి ఇవ్వకూడదని చదువుకున్నాం. పరీక్షలో లెక్క కూడా అదే వస్తుంది. ఇంటర్న్‌షిప్‌కి వెళ్తే అక్కడ సీనియర్ ఒకాయన "4జీలో అన్ని సెల్స్‌కీ ఒకే ఫ్రీక్వెన్సీ, రీయూజ్ 1" అన్నారు. పక్కపక్క టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో పంపిస్తుంటే ఫోన్‌కి ఏదైనా అర్థం అవుతుందా? మరి చానెల్ కేటాయింపు అన్న మాటకి ఇప్పుడు అర్థం ఉందా?

ఇంకొకటి. మా హాస్టల్ గదిలో గీతలు నిండుగా ఉంటాయి. ఫోన్‌లో చూస్తే ఆర్ఎస్ఆర్‌పీ (సిగ్నల్ బలం) మైనస్ 79 డీబీఎం. ఎస్ఐఎన్ఆర్ (ఇంటర్‌ఫియరెన్స్, నాయిస్ కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే అంకె) మాత్రం 1, 2 దగ్గరే ఆడుతుంది, రాత్రి 9 దాటితే సున్నా కిందకి పోతుంది. వీడియో కాల్ అసలు నిలబడదు. ఈ రెండు ప్రశ్నలకీ సంబంధం ఉందనిపిస్తోంది. ఎవరైనా చెప్తారా?

---

పాత_ప్లానర్ రాశారు:

సంబంధం ఉంది తమ్ముడూ. ముందు 7 ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. కాలేజీల్లో అంకె చెప్పి వదిలేస్తారు, కారణం చెప్పరు.

సెల్ ఆలోచన 1947లో బెల్ ల్యాబ్స్ మెమోలో ఉంది. అమెరికాలో ఏఎంపీఎస్ అనే మొదటి తరం సెల్‌ఫోన్ సర్వీసుగా షికాగోలో మొదలైంది 1983 అక్టోబర్‌లో. అది అనలాగ్, 30 కిలోహెర్ట్జ్ చానెళ్లు. మాట శుభ్రంగా వినపడాలంటే మనకి కావలసిన సిగ్నల్, అదే చానెల్‌లో దూరం నుంచి వచ్చే సిగ్నల్ కంటే 18 డీబీ, అంటే దాదాపు 63 రెట్లు, ఎక్కువ ఉండాలి. ఈ 18 నుంచే 7 పుట్టింది.

లెక్క చిన్నదే. క్లస్టర్‌లో సెల్స్ సంఖ్య ఎన్ అయితే, ఒకే చానెల్ వాడే రెండు సెల్స్ మధ్య దూరాన్ని సెల్ వ్యాసార్థంతో భాగిస్తే 3ఎన్ వర్గమూలం వస్తుంది. 7కి అది 4.58. సిగ్నల్ దూరానికి నాలుగో ఘాతంలో తగ్గుతుందనుకుంటే, చుట్టూ మొదటి వరసలో ఆరు సెల్స్ ఉంటాయి కాబట్టి 441ని 6తో భాగించాలి. 73.5 వస్తుంది, అంటే 18.7 డీబీ. సరిగ్గా సరిపోయింది. ఎన్ 4 అయితే 13.8 డీబీ, 3 అయితే 11.3 డీబీ మాత్రమే. అనలాగ్‌కి అవి చాలవు.

జీఎస్ఎమ్ (2జీ) వచ్చాక డిజిటల్ కోడింగ్ వల్ల 9 డీబీతో పని నడిచింది. కొంత మార్జిన్ వేసుకుని 12 అని ప్లాన్ చేసేవాళ్లం. కాబట్టి 4 సైట్లు, ఒక్కో సైట్‌కి మూడు సెక్టార్లు, మొత్తం 12 గ్రూపులు. పాతవాళ్లు 4/12 అనేది దీన్నే.

కాగితం మీద ఇంత అందంగా ఉంటుంది. మన దేశంలో చేతికొచ్చిన స్పెక్ట్రమ్ ఎంత? మొదట్లో ఆపరేటర్‌కి 4.4 మెగాహెర్ట్జ్, తర్వాత 6.2. ఒక్కో జీఎస్ఎమ్ క్యారియర్‌కి (ఒక ఫ్రీక్వెన్సీ ముక్కకి) 200 కిలోహెర్ట్జ్ కాబట్టి 22 లేదా 31 క్యారియర్లు. 31 క్యారియర్లతో హైదరాబాద్ లాంటి ఊరు మొత్తం నడపాలి. అందులో 15 బీసీసీహెచ్‌కి (సెల్ తన వివరాలు ప్రకటించే చానెల్‌కి) పోయేవి, ఒకటి మధ్యలో గార్డ్‌గా ఖాళీ, మిగిలిన 15 హాపింగ్‌కి (కాల్ ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి గెంతుతూ పోవడానికి). అప్పట్లో అమీర్‌పేట లాంటి చోట్ల సైట్ పక్కన సైట్ పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ 15తో పడిన తిప్పలు నాకిప్పటికీ గుర్తే.

---

హాస్టల్_ఈసీఈ రాశారు:

థాంక్స్ సర్. బీసీసీహెచ్‌కి సగం క్యారియర్లు ఎందుకు? అది కంట్రోల్ చానెలే కదా?

---

పాత_ప్లానర్ రాశారు:

బీసీసీహెచ్ క్యారియర్ ఎప్పుడూ ఆగదు. కాల్ ఉన్నా లేకపోయినా ఎనిమిది టైమ్‌స్లాట్లలోనూ పూర్తి పవర్‌తో వెళ్తూనే ఉండాలి. పక్క సెల్స్‌లో ఉన్న ఫోన్లు దాన్ని కొలిచే హ్యాండోవర్‌కి (కాల్ ఇంకో సెల్‌కి మారడానికి) సిద్ధమవుతాయి. పవర్ తగ్గించలేం, మాటల మధ్య ఆపలేం, హాపింగ్ చేయలేం. అర్ధరాత్రి ఊరంతా పడుకున్నా అది ఇంటర్‌ఫియరెన్స్ ఇస్తూనే ఉంటుంది. అందుకే దానికి రీయూజ్ బాగా వదులుగా ఉండాలి.

హాపింగ్ క్యారియర్ల సంగతి వేరు. కాల్ ఉన్న స్లాట్‌లోనే పవర్ వెళ్తుంది, అదీ ఫోన్‌కి కావలసినంతే. సెకనుకి 217 సార్లు ఫ్రీక్వెన్సీ మారుతుంది కాబట్టి ఏ ఒక్క కాల్ మీదా మొత్తం దెబ్బ పడదు. ఒక ఫ్రేమ్ పోతుంది, తర్వాతి ఫ్రేమ్ బతుకుతుంది, పోయినదాన్ని కోడింగ్ సరిచేస్తుంది. అందుకే ఆ 15నీ అన్ని సైట్లలోనూ వాడేయగలిగాం, ఒక్కో సెక్టార్‌కి ఐదేసి చొప్పున.

తమ్ముడూ, ఇక్కడొకటి గమనించు. హాపింగ్ వల్ల ఊరి మొత్తం మీద ఇంటర్‌ఫియరెన్స్ ఒక్క డీబీ కూడా తగ్గలేదు. ఒక్కరి నెత్తిన పడేది అందరికీ కొంచెం కొంచెం పంచాం, అంతే. నా దృష్టిలో ఈ వృత్తి మొత్తం ఈ పంపకమే.

---

డ్రైవ్‌టెస్ట్_గోపి రాశారు:

పాత ప్లానర్ గారు చెప్పినదానికి రోడ్డు మీద చూసింది కలుపుతాను. నేను కారులో స్కానర్, ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లతో ఊళ్లు తిరిగే డ్రైవ్ టెస్ట్ ఉద్యోగంతో మొదలయ్యాను.

ట్యాంక్‌బండ్ మీద నిలబడితే నెక్లెస్ రోడ్ వైపు సైట్లు ఎదురుగా కనపడతాయి. మధ్యలో హుస్సేన్‌సాగర్, అడ్డుకునే భవనం ఒక్కటీ లేదు. ప్లానింగ్ టూల్‌లో మాత్రం "ఈ రెండు సెల్స్ దూరం, ఒకే క్యారియర్ ఇవ్వొచ్చు" అని ఉంటుంది. ఇస్తే నీళ్ల మీదుగా వచ్చి గుద్దుకుంటాయి. విశాఖలో కొండవాలు సైట్లదీ ఇదే కథ. ఎత్తు మీద పెట్టిన యాంటెన్నా తన ఏరియా దాటేసి ఎక్కడో ఐదారు కిలోమీటర్ల అవతల వీధిలో బలంగా వినపడుతుంది. దాన్ని ఓవర్‌షూటింగ్ అంటాం. ఆ వీధిలో ఫోన్ దాన్ని పట్టుకుంటుంది, కానీ దాని నైబర్ లిస్టులో (కాల్‌ని మార్చగల పక్క సెల్స్ జాబితాలో) ఆ వీధి సెల్స్ ఉండవు. కాల్ నడుస్తూ నడుస్తూ తెగిపోతుంది.

బీసీసీహెచ్ ఒకటే, బీఎస్ఐసీ (సెల్ గుర్తింపు కోడ్) కూడా ఒకటే ఉన్న రెండు సెల్స్ ఒకదానికొకటి వినపడితే ఇంకా దారుణం. బీఎస్ఐసీలో ఉండేవి 64 కోడ్‌లే. ఒక సెల్‌కి వెళ్లాల్సిన యాక్సెస్ బరస్ట్‌ని (చానెల్ కావాలని ఫోన్ పంపే సిగ్నల్‌ని) ఇంకో సెల్ తనదే అనుకుని చానెల్ ఇచ్చేస్తుంది. అక్కడ ఫోనే ఉండదు. హైవే పక్కన ఒక సైట్‌లో సిగ్నలింగ్ చానెళ్లు ఊరికే నిండిపోతున్నాయని పంపిస్తే, చివరికి దొరికింది ఇదే.

ఇలాంటివి చూసీ చూసీ నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. కంప్లయింట్ రాగానే ఫ్రీక్వెన్సీ మార్చకూడదు. ముందు యాంటెన్నా టిల్ట్ చూడాలి. ఫ్రీక్వెన్సీ మారిస్తే సమస్య ఇంకో వీధికి పోతుంది, అక్కడి నుంచి ఇంకో కంప్లయింట్ వస్తుంది. రెండు డిగ్రీలు కిందకి వంచితే ఆ సిగ్నల్ అక్కడికి చేరడమే తగ్గుతుంది.

---

నెల్లూరు_నవీన్ రాశారు:

మంచి చర్చ. ఫాలో అవుతున్నా. 5జీ గురించి కూడా ఎవరైనా రాయండి.

---

శారద_ఔలు రాశారు:

ఫిన్లాండ్‌లో రేడియో రిసోర్స్ మేనేజ్‌మెంట్ మీద పనిచేస్తాను. హాస్టల్ తమ్ముడు అడిగిన "చానెల్ కేటాయింపుకి ఇప్పుడు అర్థం ఉందా" అన్న ప్రశ్నకి వస్తాను.

పాత ప్లానర్ గారు చెప్పింది స్థిర కేటాయింపు. ఏ సెల్‌కి ఏ చానెళ్లో ముందే రాసిపెడతారు. గణితంలో ఇది గ్రాఫ్ కలరింగ్. ప్రతి సెల్ ఒక బిందువు, ఒకదానికొకటి అడ్డొచ్చే రెండు సెల్స్ మధ్య ఒక గీత, గీత ఉన్న రెండింటికీ ఒకే రంగు వేయకూడదు. నిజమైన నెట్‌వర్క్‌లో ఒకే రంగు రాకపోవడం చాలదు, పక్క రంగు కూడా రాకూడదు, అంటే అడ్జసెంట్ చానెల్ నిబంధన. ఒకే సైట్‌లో రెండు క్యారియర్ల మధ్య ఇంకా ఎక్కువ ఎడం కావాలి. 1980లో విలియం హేల్ రాసిన పేపర్ ఈ సమస్యలన్నిటినీ ఒక చట్రంలోకి తెచ్చింది. సాధారణ రూపంలో ఇది ఎన్‌పీ-హార్డ్, అంటే త్వరగా కచ్చితమైన జవాబిచ్చే పద్ధతి ఏదీ తెలియని రకం. కాబట్టి పెద్ద ఊరికి అత్యుత్తమ ప్లాన్ అని ఏ టూలూ రుజువుతో ఇవ్వలేదు. సిమ్యులేటెడ్ అనీలింగ్, టాబూ సెర్చ్ లాంటి వెతుకులాట పద్ధతులతో "చాలా మంచిది" వరకు వస్తారు.

రెండోది డైనమిక్ కేటాయింపు. చానెళ్లన్నీ ఒకే కుప్ప, కాల్ వచ్చినప్పుడు అప్పటికి ఖాళీగా, శుభ్రంగా ఉన్నదాన్ని ఇస్తారు. బెల్ ల్యాబ్స్‌లో కాక్స్, రూడింక్ 1970ల మొదట్లోనే దీన్ని సిమ్యులేట్ చేశారు. వినగానే ఇదే మేలనిపిస్తుంది. ట్రాఫిక్ తక్కువగా, ఎగుడుదిగుడుగా ఉంటే మేలే. కానీ నెట్‌వర్క్ అంతా నిండిపోయినప్పుడు డైనమిక్ పద్ధతి స్థిర పద్ధతి కంటే వెనకబడుతుంది. ఎందుకంటే అప్పటికప్పుడు ఇచ్చుకుంటూ పోతే ఒకే చానెల్ వాడే సెల్స్ మధ్య దూరం అవసరానికి మించి పెరిగిపోతుంది. ముందే వేసిన ప్లాన్‌లో అది గట్టిగా ప్యాక్ అయి ఉంటుంది. అప్పు తెచ్చుకునే పద్ధతి ఈ రెండిటికీ మధ్యది. పక్క సెల్ నుంచి చానెల్ అరువు తీసుకుంటే, అరువిచ్చిన సెల్ ఒక్కటే కాదు, ఆ చానెల్ వాడే దగ్గరి సెల్స్ కూడా దాన్ని కాసేపు తాళం వేసుకోవాలి. రద్దీలో ఈ తాళాలే భారం.

డైనమిక్ పద్ధతి పూర్తిగా నెగ్గిన చోటు డెక్ట్ కార్డ్‌లెస్ ఫోన్లు. యూరప్‌లో 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య 10 క్యారియర్లు, ఒక్కోదానిలో 12 జతల స్లాట్లు, మొత్తం 120 చానెళ్లు. ఎవరూ ప్లాన్ వేయరు. ఫోనే విని, తక్కువ రణగొణ ఉన్న చానెల్ ఎంచుకుంటుంది.

4జీలో జరిగిందేమిటంటే, కేటాయింపు పోలేదు, మిల్లీసెకన్లలోకి దిగింది. 180 కిలోహెర్ట్జ్ రిసోర్స్ బ్లాక్ ఏ ఫోన్‌కి అన్నది బేస్ స్టేషన్‌లోని షెడ్యూలర్ మిల్లీసెకనుకి ఒకసారి నిర్ణయిస్తుంది. 10 మెగాహెర్ట్జ్‌లో అలాంటివి 50 బ్లాకులు, 20లో 100.

---

ఎల్‌టీఈ_మల్లిక రాశారు:

ఆప్టిమైజేషన్‌లో పనిచేస్తున్నాను, రీయూజ్ 1 ఎందుకన్నది నేను చెప్తాను. చాలామంది "స్పెక్ట్రమ్ లేక అలా చేశారు" అనుకుంటారు. లెక్క వేసి చూడండి, అదే న్యాయం అనిపిస్తుంది.

షానన్ సూత్రం తీసుకోండి, ఎస్ఐఎన్ఆర్‌ని బట్టి గరిష్ఠంగా ఎన్ని బిట్లు పంపగలమో చెప్పేది. రీయూజ్ 1లో సెల్ అంచున ఉన్న ఫోన్‌కి ఎస్ఐఎన్ఆర్ 0 డీబీ అనుకుందాం. ఒక హెర్ట్జ్‌కి సెకనుకి 1 బిట్ వస్తుంది. అదే రీయూజ్ 3 చేస్తే ఇంటర్‌ఫియరెన్స్ తగ్గి 10 డీబీ వచ్చిందనుకోండి. 3.46 బిట్లు, కానీ ఆ సెల్‌కి ఉన్నది మూడో వంతు స్పెక్ట్రమే. 3తో భాగిస్తే 1.15. అంచున ఉన్నవాడికి లాభం 15 శాతం. ఇప్పుడు టవర్ దగ్గర ఉన్నవాడిని చూడండి. రీయూజ్ 1లో 20 డీబీ ఉంటే 6.66 బిట్లు. రీయూజ్ 3లో 30 డీబీ వచ్చినా 9.97ని 3తో భాగిస్తే 3.3. వాడికి సగం పోయింది. అంచువాడికి ఇచ్చిన ఆ కొంచెం కోసం లోపలివాళ్లందరి దగ్గరా సగం లాక్కున్నట్టు.

అందుకే మధ్యేమార్గం: ఫ్రాక్షనల్ రీయూజ్. లోపలివాళ్లకి మొత్తం బ్యాండ్ తక్కువ పవర్‌తో, అంచువాళ్లకి మాత్రం మూడు వంతులు చేసి పక్క సెల్స్‌తో ఢీకొనని వంతు ఎక్కువ పవర్‌తో. ఎల్‌టీఈ (4జీ) ప్రమాణం రిలీజ్ 8లోనే దీనికోసం బేస్ స్టేషన్ల మధ్య ఎక్స్2 లింక్ మీద కబుర్లు పెట్టారు. "ఈ బ్లాకుల్లో ఎక్కువ పవర్ వాడబోతున్నాను", "ఈ బ్లాకుల్లో నా అంచు ఫోన్ అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కి) పంపుతుంది", "ఈ బ్లాకుల్లో నాకు బాగా ఇంటర్‌ఫియరెన్స్ వస్తోంది", ఇలా మూడు రకాలు. రిలీజ్ 10లో చిన్న సెల్స్ కోసం ఇంకొకటి వచ్చింది: పెద్ద టవర్ కొన్ని మిల్లీసెకన్లు దాదాపు మౌనంగా ఉంటుంది, ఆ సమయంలో దాని నీడలో ఉన్న పికో సెల్ తన అంచు ఫోన్లతో మాట్లాడుకుంటుంది.

ఇక హాస్టల్ తమ్ముడి గది. ఆర్ఎస్ఆర్‌పీ అన్నది నీ సెల్ రిఫరెన్స్ సిగ్నల్ బలం మాత్రమే. పక్క సెల్స్ ఎంత గట్టిగా ఉన్నాయో అది చెప్పదు. గీతలు చాలావరకు దాన్ని బట్టే వేస్తారు కాబట్టి గీతలు నిండుగానే ఉంటాయి. రాత్రి 9 తర్వాత పక్క సెల్స్‌లో జనం వీడియోలు పెడతారు, వాటి బ్లాకులన్నీ నిండుతాయి, నీ ఆర్ఎస్ఆర్‌పీ కదలదు కానీ ఎస్ఐఎన్ఆర్ పడిపోతుంది. నీ గదికి రెండు మూడు సెల్స్ దాదాపు సమాన బలంతో వస్తున్నాయని నా అనుమానం. ఫోన్‌లో నెట్‌వర్క్ వివరాలు చూపించే యాప్‌తో నైబర్ల పీసీఐ (సెల్ గుర్తింపు నంబర్), ఆర్ఎస్ఆర్‌పీ చూసి ఇక్కడ పెట్టు.

---

సీడీఎంఏ_రమణ రాశారు:

రీయూజ్ 1 కొత్తదేం కాదండీ. సీడీఎంఏలో (జీఎస్ఎమ్‌కి పోటీగా నడిచిన పద్ధతి) 1.25 మెగాహెర్ట్జ్ క్యారియర్ ఒక్కటే ఊరంతా వాడాం. కాకపోతే అక్కడ ప్రాణం పవర్ కంట్రోల్‌లో ఉండేది. టవర్ పక్కన ఉన్న ఫోన్ గట్టిగా అరిస్తే దూరంగా ఉన్నవాళ్లెవరూ వినపడరు. అందుకే ఐఎస్-95లో (2జీ సీడీఎంఏ) సెకనుకి 800 సార్లు, డబ్ల్యూసీడీఎంఏలో (3జీ) 1500 సార్లు "పెంచు, తగ్గించు" అని చెప్పేవాళ్లం. జనం పెరిగితే సెల్ కుంచించుకుపోయేది, తగ్గితే విస్తరించేది.

ఇంకో విషయం కొత్తవాళ్లకి తెలియాలి. మన దేశంలో సీడీఎంఏ నడిచినప్పుడు దాని డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కి) 869 నుంచి 889 మెగాహెర్ట్జ్. జీఎస్ఎమ్ 900 అప్‌లింక్ 890 దగ్గర మొదలు. మధ్యలో ఉన్నది ఒక్క మెగాహెర్ట్జ్. ఒకరి టవర్ నుంచి వాట్లలో బయటికొచ్చే సిగ్నల్ పక్కనే, ఇంకొకరి టవర్ ఫోన్ల నుంచి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్ వినడానికి చెవులు రిక్కించి కూర్చునేది. రెండూ ఒకే మేడ మీద ఉంటే చెప్పక్కర్లేదు. సీడీఎంఏ వైపు ఫిల్టర్ బిగించి, యాంటెన్నాల మధ్య ఎడం పెంచి, మేడల మీద ఇద్దరు ఆపరేటర్ల ఇంజినీర్లు కలిసి కొలతలు తీసేవాళ్లం. కంపెనీల మధ్య పోటీ ఎంత ఉన్నా మేడ మీద మాత్రం పని సహకారంతోనే జరిగేది. చానెళ్లు ఎంత బాగా పంచినా బ్యాండ్ సరిహద్దులు సరిగా గీయకపోతే ఆ భారం చివరికి ఫీల్డ్ ఇంజినీర్ మీద పడుతుంది.

---

మియాపూర్_అసోసియేషన్ రాశారు:

టెక్నికల్ విషయాలు నాకు అంతగా తెలియవు గానీ ఒక ప్రశ్న. మా అపార్ట్‌మెంట్‌లో కింది రెండు ఫ్లోర్లకి సిగ్నల్ లేదు. ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్లు తక్కువ ధరకే దొరుకుతున్నాయి. అసోసియేషన్ తరఫున ఒకటి కొందామని కొందరు అంటున్నారు. కొనొచ్చా?

---

డ్రైవ్‌టెస్ట్_గోపి రాశారు:

వద్దు సార్, దయచేసి కొనకండి. అనుమతి లేకుండా రిపీటర్ (బూస్టర్) పెట్టడం చట్టరీత్యా నేరం. నేరం అన్నది పక్కన పెట్టినా మీ చుట్టుపక్కల వందలమందికి ఇబ్బంది.

బూస్టర్‌కి మేడ మీద ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా ఉంటాయి. లోపలిది పంపినది మేడ మీద దానికి తిరిగి వినపడితే, మైక్‌ని స్పీకర్ దగ్గర పెడితే కూసినట్టు అది కూస్తుంది. రేడియోలో కాబట్టి మన చెవికి వినపడదు, టవర్‌కి వినపడుతుంది. రాత్రీ పగలూ పూర్తి పవర్‌తో టవర్ అప్‌లింక్ మీద పడుతుంది.

ఒక మార్కెట్ ఏరియాలో మూడు సెక్టార్ల అప్‌లింక్ నాయిస్ ఒకేసారి లేచింది. కాల్స్‌లో అవతలివాళ్ల మాట వినపడుతుంది, మన మాట వాళ్లకి వినపడదు. స్పెక్ట్రమ్ అనలైజర్‌తో డైరెక్షనల్ యాంటెన్నా పట్టుకుని వీధి వీధి తిరిగితే ఒక సెల్లార్ షాపులో ఇలాంటి పెట్టె దొరికింది. స్విచ్ తీయగానే సెక్టార్లు మూడూ కోలుకున్నాయి. ఆ షాపాయనకి తన వల్ల ఇంత జరుగుతోందని తెలియదు, చెప్పగానే తీసేశాడు.

---

పాత_ప్లానర్ రాశారు:

గోపి చెప్పినదాని వెనక అంకెలు. గది ఉష్ణోగ్రత దగ్గర సహజ నాయిస్ ఒక హెర్ట్జ్‌కి మైనస్ 174 డీబీఎం. 180 కిలోహెర్ట్జ్ బ్లాక్‌కి అది మైనస్ 121. రిసీవర్ సొంత నాయిస్ 3 డీబీ కలిపితే మైనస్ 118. ఎవరూ వాడని వేళ టవర్ లాగ్‌లో బ్లాక్‌కి మైనస్ 118 దగ్గర ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. మైనస్ 105 చూపిస్తే ఎక్కడో ఏదో కూస్తోంది. ఆ 13 డీబీని దాటడానికి ఏరియాలోని ప్రతి ఫోనూ 20 రెట్లు పవర్ పెంచాలి. అంచున ఉన్న ఫోన్ అప్పటికే గరిష్ఠ పవర్‌లో ఉంటుంది, పెంచడానికి ఏమీ మిగలదు, కట్ అయిపోతుంది.

అపార్ట్‌మెంట్ వారికి సరైన దారి వేరే ఉంది. మీ ఆపరేటర్‌కి రాతపూర్వకంగా అడగండి, ఇన్‌బిల్డింగ్ సొల్యూషన్ లేదా చిన్న సెల్ పెట్టే అధికారం వాళ్లదే. ఈలోపు ఇంట్లో వైఫై ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి. సెల్లార్ ఫ్లోర్లకి ఇదే హాయి.

---

మియాపూర్_అసోసియేషన్ రాశారు:

చాలా థాంక్స్ అండీ. రేపటి మీటింగ్‌లో ఇదే చెప్తాను. వైఫై కాలింగ్ సంగతి మాకు తెలియదు.

---

నెల్లూరు_నవీన్ రాశారు:

నాదొక సందేహం. మాది సముద్రం ఒడ్డు ఊరు. కొన్ని సీజన్లలో తెల్లవారుజామున నెట్ బాగా నెమ్మదిస్తుంది, ఎండ ఎక్కాక సర్దుకుంటుంది. ఆ వేళకి జనం వాడకం తక్కువ కదా. ఇదీ ఇంటర్‌ఫియరెన్సేనా?

---

శారద_ఔలు రాశారు:

నవీన్ గారూ, మీ ఊళ్లో కచ్చితంగా అదే అని కొలవకుండా చెప్పడం తప్పు. కానీ వేళ, సముద్రం, సర్దుకునే తీరు మూడూ కలిస్తే డక్టింగ్‌ని (గాలి పొరల్లో చిక్కి సిగ్నల్ చాలా దూరం పోవడాన్ని) ముందు అనుమానించాలి.

2300 మెగాహెర్ట్జ్ 4జీ, 3300 మెగాహెర్ట్జ్ 5జీ రెండూ టీడీడీ. అంటే టవర్ పంపడం, వినడం ఒకే ఫ్రీక్వెన్సీలో, వంతులవారీగా. అందుకే ఊళ్లో టవర్లన్నీ ఒకే గడియారానికి నడవాలి. ఒకటి పంపుతుండగా పక్కది వింటుంటే ఆ పక్కదానికి చెవుడే. 3300 బ్యాండ్‌లో పక్కపక్క ఆపరేటర్లు కూడా ఒకే ఫ్రేమ్ నమూనా పాటించాల్సిందే, లేకపోతే మధ్యలో స్పెక్ట్రమ్ ఖాళీగా వదులుకోవాలి.

పంపడానికీ వినడానికీ మధ్య గార్డ్ పీరియడ్ అని ఒక విరామం ఉంటుంది. ఎల్‌టీఈలో ఒక సింబల్ (డేటా పంపే చిన్న సమయపు ముక్క) 71 మైక్రోసెకన్లు, ఆ వ్యవధిలో రేడియో తరంగం 21 కిలోమీటర్లు పోతుంది. విరామం రెండు సింబల్స్ అయితే 43 కిలోమీటర్ల లోపు టవర్ల నుంచి వచ్చేది విరామంలోనే ఆరిపోతుంది. మామూలు రోజుల్లో అంత దూరం నుంచి ఏమీ రాదు కాబట్టి చాలు. కానీ నీటి మీద గాలి పొరలు తలకిందులైనప్పుడు, కింద చల్లని తేమ గాలి, పైన వెచ్చని పొడి గాలి ఉన్నప్పుడు, తరంగం పైకి తప్పించుకోలేక ఆ పొరల మధ్యే వంగుతూ వందల కిలోమీటర్లు పోతుంది. వంద కిలోమీటర్ల అవతలి టవర్ డౌన్‌లింక్ మీ టవర్ అప్‌లింక్ సమయంలో వచ్చి పడుతుంది. ఒక్క టవర్ కాదు, ఆ దిక్కున ఉన్నవన్నీ కలిసి. ఎండ ఎక్కి పొర చెదిరితే మాయం.

విరామాన్ని 9 సింబల్స్‌కి పెంచితే 193 కిలోమీటర్ల దాకా కాపాడుకోవచ్చు, కానీ అంతసేపు ఎవరూ డేటా పంపలేరు. రోజంతా ఆ నష్టం భరించడం కంటే డక్టింగ్ వేళల్లో మాత్రమే మార్చుకోవడం మేలు. 5జీ రిలీజ్ 16లో దీనికి ప్రత్యేకంగా ఏర్పాటు చేశారు. దెబ్బ తిన్న టవర్ ఒక గుర్తు సిగ్నల్ పంపుతుంది, డక్ట్ రెండు వైపులా పనిచేస్తుంది కాబట్టి అది దోషి టవర్లకి చేరుతుంది, అవి తమ డౌన్‌లింక్ చివరి సింబల్స్ తగ్గించుకుంటాయి. ఈ ఏర్పాటు నాకు ఎంతో ఇష్టం. అడ్డంకి వచ్చిన దారినే కబురు పంపడానికి వాడుకోవడం మంచి ఇంజినీరింగ్.

---

బీదర్_బోర్డర్ రాశారు:

టెలికాం సర్కిల్ (లైసెన్సు, స్పెక్ట్రమ్ ఇచ్చే ప్రాంతం) సరిహద్దుల గురించి ఎవరూ రాయలేదు. జహీరాబాద్ దాటితే కర్ణాటక సర్కిల్. రాష్ట్రాలు విడిపోయినా టెలికాంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాలకీ కలిపి ఒకటే, కాబట్టి కృష్ణా నది మీద ఈ గొడవ లేదు. బీదర్ వైపు, తడ దాటాక చెన్నై వైపు ఉంటుంది. స్పెక్ట్రమ్ సర్కిల్‌వారీగా అమ్ముతారు కాబట్టి ఇక్కడ ఒక కంపెనీ ఫ్రీక్వెన్సీ అక్కడ ఇంకో కంపెనీది కావొచ్చు. టవర్ సిగ్నల్‌కి సర్కిల్ గీత తెలియదు. సరిహద్దు సైట్లలో యాంటెన్నాలు లోపలికి తిప్పి, పవర్ తగ్గించి నడుపుతారు. దాని ఫలితం ఆ గీత మీద ఉన్న ఊళ్లు రెండు వైపులా నష్టపోవడం. వాళ్లకి 700, 800 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ బ్యాండ్లతో కవరేజీ ఇవ్వడం ఇద్దరు ఆపరేటర్లూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఊళ్లో పదిమందే ఉన్నారని వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

---

హాస్టల్_ఈసీఈ రాశారు:

మల్లిక గారూ, మీరు చెప్పినట్టు చూశాను. కనెక్ట్ అయిన సెల్ పీసీఐ 121, మైనస్ 79. నైబర్ పీసీఐ 244, మైనస్ 81. ఇంకొకటి 310, మైనస్ 84. కారిడార్ చివర కిటికీ దగ్గర 121 మైనస్ 72కి వస్తుంది, అక్కడ ఎస్ఐఎన్ఆర్ 9 ఉంది, వీడియో బాగానే ఆడుతోంది.

---

ఎల్‌టీఈ_మల్లిక రాశారు:

అనుకున్నదే. మూడు సెల్స్ 5 డీబీ లోపల ఉన్నాయి, ఎవరికీ పైచేయి లేదు. దీన్ని పైలట్ పొల్యూషన్ అంటాం.

ఇంకో చిక్కు కూడా ఉంది. 121ని 3తో భాగిస్తే శేషం 1. 244కి కూడా 1. 310కి కూడా 1! ఎల్‌టీఈలో పీసీఐలు 504 ఉన్నా, ప్రైమరీ సింక్ సిగ్నల్స్ (ఫోన్ మొదట సెల్‌ని పట్టుకునేవి) మూడే రకాలు. రెండు యాంటెన్నా పోర్టులుంటే రిఫరెన్స్ సిగ్నల్స్ ఉండే స్థానాలు కూడా మూడే. శేషం ఒకటే అయితే మూడు సెల్స్ రిఫరెన్స్ సిగ్నల్స్ ఒకదాని మీద ఒకటి పడతాయి. రాత్రి రెండింటికి పక్క సెల్స్ ఖాళీగా ఉన్నా అవి ఆగవు, పాత ప్లానర్ గారి బీసీసీహెచ్ లాగే. 5జీలో ఈ ఎప్పుడూ ఆగని రిఫరెన్స్ సిగ్నల్‌ని తీసేశారు, సింక్ బ్లాక్ సాధారణంగా 20 మిల్లీసెకన్లకి ఒకసారే వస్తుంది, పీసీఐలు 1008కి పెరిగాయి. అందుకే ఖాళీ 5జీ సెల్ నిజంగానే నిశ్శబ్దంగా ఉంటుంది.

నువ్వు చేయాల్సింది: కంప్లయింట్‌లో "నెట్ స్లో" అని రాస్తే ఎవరూ కదలరు. ఈ మూడు పీసీఐలు, వాటి ఆర్ఎస్ఆర్‌పీ, సమయం, హాస్టల్ లొకేషన్, ఎన్నో అంతస్తో రాయి. స్క్రీన్‌షాట్ పెట్టు. అది ఆప్టిమైజేషన్ టీమ్‌కి చేరితే ముందు చూసేది 244, 310 సెల్స్ మీ హాస్టల్ దాకా రావాల్సిన అవసరం ఉందా అని. లేకపోతే వాటి ఎలక్ట్రికల్ టిల్ట్ రెండు మూడు డిగ్రీలు పెంచుతారు, ఆఫీసులో కూర్చునే చేయొచ్చు. పీసీఐ మార్పు ఆ తర్వాత, ఎందుకంటే ఒకటి మారిస్తే దాని చుట్టూ నైబర్లన్నీ మళ్లీ చూసుకోవాలి.

---

హాస్టల్_ఈసీఈ రాశారు:

ఇవాళే రాస్తాను మేడమ్. శారద గారూ, దీన్నే ప్రాజెక్టుగా చేయాలనుంది. పీసీఐ పంపకం కూడా గ్రాఫ్ కలరింగే కదా? ఎక్కడ మొదలుపెట్టను?

---

శారద_ఔలు రాశారు:

అదే గ్రాఫ్ కలరింగ్, మూడు రంగుల మీద అదనపు నిబంధనతో. ముందు చిన్నదానితో చేతులు తిప్పు. ఫిలడెల్ఫియా అని 1973 నాటి 21 సెల్స్ ఉదాహరణ ఉంది, ఫ్రీక్వెన్సీ కేటాయింపు మీద పనిచేసేవాళ్లందరూ తమ పద్ధతిని దాని మీద పరీక్షించుకుంటారు. దానికి గ్రీడీ పద్ధతి (ప్రతి అడుగులో అప్పటికి మేలైనది ఎంచుకునేది) రాయి, తర్వాత సిమ్యులేటెడ్ అనీలింగ్, రెండూ పోల్చు.

తర్వాత మీ క్యాంపస్‌కి రా. స్నేహితులు నలుగురూ ఫోన్లు పట్టుకుని ప్రతి బ్లాక్, ప్రతి అంతస్తు నడవండి. ఎక్కడ ఏ రెండు పీసీఐలు 6 డీబీ లోపల కలిసి వినపడ్డాయో రాసుకోండి. అలా కలిసి వినపడిన ప్రతి జతకీ ఒక గీత, ఎన్నిచోట్ల కలిశాయో ఆ గీతకి అంత బరువు. ప్లానింగ్ టూల్ మ్యాప్ నుంచి కాకుండా మనుషులు నడిచిన చోట్ల నుంచి వచ్చిన గ్రాఫ్ కాబట్టి హుస్సేన్‌సాగర్ లాంటి పొరపాట్లు అందులో రావు. శేషం ఒకటే అయిన గీతల బరువుల మొత్తం తగ్గించడం నీ లక్ష్యం. డేటా వచ్చాక ఇక్కడ పెట్టు, మొదటి కోడ్ నేను చూస్తాను.